లూమెట్ కెమెరా, మా అత్తగారి ఎడమ చెవి

మనిషి వస్తువును కొన్న రోజున దానికి యజమాని కాడు. దాని గురించి మూడు వందల అక్షరాలకు తగ్గకుండా అభిప్రాయం రాసి, ఆ అభిప్రాయం పైవారి ఆమోదం పొందిన రోజున అవుతాడు. అంతవరకు అతడు కేవలం డబ్బిచ్చినవాడు. ఈ సత్యం నాకు యాభై నాలుగో ఏట, ఒక చవక కెమెరా వల్ల బోధపడింది.

నా పేరు మెతోది. గోర్నా లిపా పట్నంలో నీటి గొట్టాల పటాలు గీసే ఉద్యోగం. ఏ వీధి కింద ఏ గొట్టం పోతోందో నేను కాగితం మీద చూపిస్తాను. గొట్టం పగిలి తవ్వి చూస్తే అది పక్క వీధిలో ఉంటుంది. అంతటి కచ్చితత్వం గల మనిషి చేతికి కెమెరా రావడం ఒక విధంగా చారిత్రక అవసరం.

కెమెరా కొనమన్నది మా అత్తగారు గీనా. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. నాలుగో అంతస్తులోని మా ఇంట్లో బాల్కనీ వైపు గది ఆవిడది. ఒక ఆదివారం కాఫీ తాగుతూ, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"అల్లుడూ, నాకో ఫోటో కావాలి. చావు కాగితానికి."

"మీకిప్పుడు చావేమిటి అత్తయ్యా! రాయిలా ఉన్నారు."

"రాయిలా ఉన్నప్పుడే తీయించుకోవాలయ్యా. అరిగిపోయాక తీయించుకుని ఏం లాభం?"

మా దగ్గర మనిషి పోతే ఫోటోతో కాగితం అచ్చువేసి ఇంటి తలుపు మీద, దీపస్తంభం మీద, బస్టాపులో అంటిస్తారు. నలభయ్యో రోజున మళ్లీ. ఆరు నెలలకు మళ్లీ. ఏడాదికి మళ్లీ. బతికుండగా తిరిగి చూడని ముఖాన్ని ఊరు ఊరంతా బస్సు కోసం ఎదురుచూస్తూ తీరిగ్గా చూస్తుంది. అందుకే ఫోటో విషయంలో మా ముసలివాళ్లు పట్టుదలగా ఉంటారు.

"మా అక్క స్తోయ్నా కాగితం మీద ఏం వేశారో గుర్తుందా?" అంది అత్తగారు. "గుర్తింపు కార్డు ఫోటో! సగం ఊరు కోళ్లదొంగ దొరికిందనుకుంది. నన్నలా వేశారంటే పాడెమీంచి లేచొస్తా, చెప్తున్నా."

ఆవిడ లేచొస్తుందన్న విషయంలో నాకుగానీ, నా భార్య వెనెతకుగానీ ఎలాంటి సందేహమూ లేదు. 'ద్రెన్కా' అనే ఆన్‌లైన్ దుకాణంలో, నా జీతానికి లొంగే వాటిలోకెల్లా చవకైన లూమెట్ కెమెరా తెప్పించాను. ఈ రకాన్ని మావాళ్లు సబ్బుపెట్టె అంటారు. చూడ్డానికి అలాగే ఉంది. నొక్కితే ఫోటో పడింది. నాకు ఆనందం వేసింది. ఆ ఆనందాన్ని దుకాణం వారితో పంచుకోవాలనిపించడం నేను చేసిన మొదటి తప్పు.

'యజమానుల అభిప్రాయాలు' అన్నచోట "బాగుంది" అని రాశాను.

మర్నాడు జవాబు వచ్చింది. "గౌరవనీయ కొనుగోలుదారు గారికి. మీ అభిప్రాయంలో మూడు అక్షరాలే ఉన్నాయి. ఇంత తక్కువ అక్షరాలతో ఎవరూ దేనికీ యజమాని కాలేరు. తిరస్కరించడమైనది. ఇట్లు, రాద్కా పాస్కలెవా, పర్యవేక్షకురాలు, అభిప్రాయాల విభాగం, సోఫియా."

మూడు వందల ఇరవై అక్షరాలు ప్రశంసలతో నింపి మళ్లీ పంపాను. మళ్లీ జవాబు. "ఏడో నిబంధన ప్రకారం మూడు గుణాలు, మూడు లోపాలు తప్పనిసరి. లోపాలు లేని అభిప్రాయాన్ని మేము బంధువుల అభిప్రాయంగా పరిగణిస్తాము."

నాకు కెమెరాలో లోపాలేమీ కనిపించలేదు. (లోపాలు వెతకడం మా ఇంట్లో వెనెత చూసే శాఖ. నాకు అనుభవం తక్కువ.) కానీ నిబంధన నిబంధనే. రెండు సాయంత్రాలు కూర్చుని వెతికాను. చేతికి తగిలించుకునే తాడు పొట్టిగా ఉంది. నొక్కినప్పుడు కోడిపిల్లను తొక్కినట్టు అరుస్తుంది. మూడోది ఎంతకీ దొరక్క, 'గద్దకన్ను' అనే మారుపేరుతో ఎవరో మహానుభావుడు రాసిన దాంట్లోంచి ఎత్తుకున్నాను. "ఫోటో మూలలు మసకగా వస్తున్నాయి."

ఆమోదించారు. ఇక నేను యజమానిని.

వారం తిరిగేసరికి నా అభిప్రాయం కింద ఒక అంకె వెలిసింది. పదకొండు మందికి ఉపయోగపడిందట. పదకొండు మంది! నీటి కార్యాలయంలో ఇరవై ఆరేళ్లుగా గీస్తున్నాను. నావల్ల ఉపయోగం కలిగిందని ఇంతవరకు ఒక్కడూ అనలేదు. పోయినేడు ఒకాయన నా పటం పట్టుకొచ్చి, "ఇది ఏ ఊరిదండీ?" అని మర్యాదగా అడిగాడు. అలాంటివాడికి పదకొండు అంటే ఎంతో ఊహించుకోండి. ఆ రాత్రి భోజనాల దగ్గర అంకె చెప్పాను.

"అమ్మ ఫోటో తీశావా?" అంది వెనెత.

తీయలేదు. తీయడానికి తీరిక ఏదీ? యజమానుల్లో మూడు శ్రేణులున్నాయని అప్పటికే తెలుసుకున్నాను. యజమాని, అనుభవ యజమాని, జ్యేష్ఠ యజమాని. జ్యేష్ఠత్వానికి నమూనా ఫోటోలు యాభై, ఒక్కోదానికి పరిశీలన జతచేసి పంపాలి. అదీగాక, అరువు తెచ్చుకున్న ఆ మూడో లోపం నన్ను నిద్రపోనివ్వడం లేదు. మూలలు నిజంగానే మసకగా వస్తున్నాయా? ఎదుటి భవనం గోడను తీశాను. ఎండలో తీశాను, వానలో తీశాను. గోడ అంచుల్లో ఇటుకలు లెక్కపెట్టాను. వస్తున్నాయి! మసకగానే వస్తున్నాయి! మూడు వారాల కిందట ఏ లోపమూ లేని నా కెమెరా ఇప్పుడు లోపాల పుట్ట. ఇంత ఎదుగుదల నా జీవితంలో ఇంకెప్పుడూ చూడలేదు.

సెప్టెంబరులో మిరపకాయలు కాల్చే రోజు వచ్చింది. మా భవనంలో ఆడవాళ్లంతా పెరట్లో పొయ్యిలు పెట్టి, బస్తాల కొద్దీ ఎర్రమిరపకాయలు కాల్చి, తొక్కలు వలిచి, పచ్చడి ఉడికించి జాడీలకెత్తుతారు. మోచేతుల దాకా ఎరుపు, ముక్కు మీద మసి, ఎవరో ఏదో అంటే విరగబడి నవ్వులు. వెనెత కూడా నవ్వుతోంది. తల వెనక్కి వాల్చి, కళ్లలో నీళ్లు వచ్చేలాగ. అలా నవ్వగా చూసి ఎన్నేళ్లయిందో.

నేను జాడీని ఫోటో తీస్తున్నాను.

"మెతోదీ!" కింది అంతస్తు త్సోనా గరిటె ఊపుతూ కేకేసింది. "ఆ గాజుబుడ్డి ఎక్కడికీ పారిపోదులే గానీ, ఇటు తిప్పు! మమ్మల్ని తియ్యి!"

"మీరు కదులుతున్నారు. పనికిరారు" అన్నాను.

"విన్నావుటే వెనెతా? కదిలేవాళ్లు పనికిరారట మీ ఆయనకి!"

మళ్లీ నవ్వులు. నేను పరిశీలన రాసుకున్నాను. 'ఎరుపు రంగు కొంచెం నారింజ వైపు మొగ్గుతోంది.'

ఎట్టకేలకు అత్తగారి వంతు వచ్చింది. అది కూడా, నమూనాల్లో ఒక మనిషి ముఖం ఉండాలని పన్నెండో నిబంధన చెప్పబట్టి. ఆవిడ ముందురోజే జుట్టు చుట్టలు పెట్టించుకుంది. నీలం కోటు వేసుకుని, పెళ్లినాటి వెండి పిన్ను పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"మధ్యలో కూర్చోనా అల్లుడూ?"

"వద్దత్తయ్యా. ఎడమ అంచుకు జరగండి. ఇంకా. మూల ఎలా వస్తుందో చూడాలి."

"సరేలే. పోయాక ఎలాగూ ఊరి అంచునే కదా."

అరవై నాలుగు ఫోటోలు తీశాను. ఆవిడ కదల్లేదు, విసుక్కోలేదు. మధ్యలో ఒకసారి మాత్రం, "నవ్వమంటావా?" అని అడిగింది. "నవ్వితే ముడతలు కదులుతాయి, వద్దు" అన్నాను.

వాటిలోంచి ఒకటి ఎంచి, బాణం గుర్తు వేసి, ద్రెన్కా వారికి పంపాను. కింద ఇలా రాశాను. 'ఎడమ చెవి చుట్టూ ఊదారంగు అంచు గమనించగలరు. చర్మంపై గీతలను యంత్రం అవసరానికి మించి చూపుతోంది. మొత్తం మీద ముఖం పసుపు.'

నాలుగు వందల పన్నెండు మందికి ఉపయోగపడింది. నన్ను జ్యేష్ఠ యజమానిని చేశారు. గద్దకన్ను స్వయంగా నాతో వాదానికి దిగాడు. ఆ అంచు కెమెరాది కాకపోవచ్చని, చెవిదే కావచ్చని అతని పక్షం. దేశం నలుమూలల నుంచి యజమానులు రెండుగా చీలి, మా అత్తగారి చెవి మీద తొమ్మిది పుటలు రాశారు. ఆవిడ అడిగిన ఫోటో అచ్చువేయించాలన్న సంగతి నేను మరిచిపోయాను.

ఆవిడకి ఈ కీర్తి సంగతి మందుల దుకాణంలో తెలిసింది. రక్తపోటు మాత్రలు ఇస్తూ దుకాణం ఆవిడ ఆప్యాయంగా అడిగిందట. "గీనా పిన్నీ, చెవి ఎలా ఉంది? మా ఆయన కెమెరా కొందామని చూస్తుంటే మీరు కనిపించారు. ఊదా రంగంటే రక్తం తిరగట్లేదేమో, ఒకసారి డాక్టరుకు చూపించుకోండి."

అత్తగారు ఇంటికొచ్చి అరవలేదు. అరిస్తే బాగుండేది. కంప్యూటరులో అది చూపించమంది. చూపించాను. బాణం చూసింది. తొమ్మిది పుటలూ వెనెత చేత చదివించుకుని చివరిదాకా విన్నది. తరవాత నీలం కోటు విప్పి, మడతపెట్టి, పెట్టెలో పెట్టింది.

"నా చిన్న కూతురి దగ్గరికి పోతున్నా."

"అత్తయ్యా, అది మీ గురించి కాదు, కెమెరా గురించి..."

"అదేనయ్యా నేననేదీ. అరవై నాలుగుసార్లు నొక్కావు. ఒక్కటైనా నా గురించి కాదు."

వెనెత గుమ్మంలో నిలబడి ఉంది. "ఆ బొమ్మ అక్కడినుంచి తీయించు మెతోదీ. లేదంటే అమ్మ పెట్టె పక్కన నా పెట్టె కూడా ఉంటుంది" అంది. వెనెత బెదిరించే రకం కాదు. ఆ మాట అంటున్నప్పుడే ఆమె చూపు అలమారా పైనున్న పెట్టె మీదికి పోయింది.

అభిప్రాయం ఉపసంహరించుకుంటానని అదే రోజున రాశాను. జవాబు వచ్చింది. "పంతొమ్మిదో నిబంధన ప్రకారం, లోపం నయమైనప్పుడే అభిప్రాయం మార్చుకోవచ్చు. మీ లోపం నయమైనట్టు రుజువు పంపండి." నయం కాలేదని రాశాను. "అయితే అభినందనలు. మీ అభిప్రాయం ఇంకా సరైనదే." మా అత్తగారికి బాధగా ఉందని రాశాను. "బాధ అనే గడి ఫారంలో లేదు. ఫోటోలోని వ్యక్తి స్వయంగా హాజరైతే పరిశీలిస్తాము."

అత్తగారు ఒప్పుకుంది. రెండు షరతులు. కిటికీ పక్క సీటు ఆవిడది. దారిలో నేను కెమెరా మాట ఎత్తకూడదు. రాజధాని సోఫియాకు పోయే బస్సులో మూడు గంటలు నేను మాట్లాడటానికి ఇంకేమీ లేదని ఆ రోజే తెలిసింది.

అభిప్రాయాల విభాగం టైర్ల దుకాణం మీది అంతస్తులో ఉంది. విభాగమంటే ఒక గది. 'మేము' అంటే శ్రీమతి పాస్కలెవా, ఒక కుండీలో ముళ్లమొక్క. మోచేతుల దగ్గర వెలిసిన ఊలు చొక్కాతో, నాలాగే చాలా ఏళ్లుగా ఒకే కుర్చీలో కూర్చున్న మనిషి. ఆమె వెనక గోడ మీద మా అత్తగారి చెవి, బాణంతో సహా, తలుపంత పెద్దదిగా అంటించి ఉంది. కింద 'ఆదర్శ అభిప్రాయం' అని రాసి ఉంది. ఒక్క క్షణం నాకు గర్వం వేసింది. (ఈ సంగతి వెనెతకు చెప్పలేదు.)

"ఫోటోలో ఉన్నది ఈవిడేనా?" అని అడిగింది పాస్కలెవా.

అవునని తల అడ్డంగా ఊపాను. మా దేశంలో అవునంటే అడ్డంగానే ఊపుతాం.

ఆమె లేచి వచ్చి, అత్తగారి చెవి చూసింది. గోడ చూసింది. మళ్లీ చెవి చూసింది. "ఫోటోలో ఆవిడ చెవికి ఊదా అంచు ఉంది. ఈవిడకి లేదు. ఒకే మనిషని ధ్రువీకరించలేం."

"అయ్యో, ఆ అంచు కెమెరా లోపమండీ!"

"అంటే మీ అభిప్రాయం సరైనదేనన్నమాట. సరైన అభిప్రాయాన్ని మేం తీసెయ్యం."

"పోనీ, తప్పనుకోండి!"

"తప్పయితే అంచు చెవిదవుతుంది. ఈవిడ చెవికి అంచు లేదు. అప్పుడు ఈవిడ ఆవిడ కాదు. ఈవిడ కానప్పుడు బాధ ఎవరికండీ?"

ఇరవై ఆరేళ్లుగా మా కార్యాలయం కిటికీకి అవతల నిలబడ్డవాళ్ల ముఖాలు ఎలా ఉండేవో నాకు మొదటిసారి లోపలినుంచి తెలిసింది.

అత్తగారు చేతిసంచిలోంచి జున్ను, ఆకుకూర పెట్టి కాల్చిన రొట్టె తీసి బల్ల మీద పెట్టింది. "అమ్మాయ్, పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా?"

"ఇక్కడ తినకూడదమ్మా. నిబంధన."

"ఎవరు పెట్టారు ఆ నిబంధన?"

పాస్కలెవా కాసేపు ఆలోచించింది. "నేనే" అని, ఒక ముక్క తీసుకుంది.

"మా అల్లుడు రాసినట్టే నేనూ రాయొచ్చా ఓ అభిప్రాయం?"

"యజమాని ఎవరైనా రాయొచ్చు. మీరు చెప్పండి, నేను కొడతా. వస్తువు పేరు?"

"మెతోది."

నేను దగ్గాను. పాస్కలెవా ముఖం మారలేదు. టకటకా కొట్టింది. "మూడు గుణాలు?"

"తాగుడు తక్కువ. కుళాయి కారితే తనే బిగిస్తాడు. ఇన్నేళ్లలో నా కూతురి మీద చెయ్యెత్తలేదు."

"లోపాలు?"

"దేన్నయినా చూస్తాడు, ఎదురుగా ఉన్నది కనపడదు. నవ్వితే కదిలిందంటాడు. మూడోది... అడిగిన పని తప్ప అన్నీ చేస్తాడు."

"ఎంతకాలంగా వాడుతున్నారు?"

"నేను కాదమ్మా, నా కూతురు. ఇరవై తొమ్మిదేళ్లుగా."

"వాపసు గడువు పద్నాలుగు రోజులే" అంది పాస్కలెవా, నిజమైన సానుభూతితో.

"నాకప్పుడు ఎవరూ చెప్పలేదు. సర్లే. మిగతా గళ్లలో ఏముంది?"

"స్నేహితులకు సిఫారసు చేస్తారా?"

అత్తగారు నావైపు తిరిగింది. ఆవిడ నన్ను అంత సూటిగా, అంతసేపు ఎప్పుడూ చూడలేదు. "చెయ్యను" అంది. "కానీ ఇంకోటి తెచ్చుకోమన్నా తెచ్చుకోం. అలా రాయొచ్చా?"

"మూడు వందల అక్షరాలు దాటింది. రాయొచ్చు."

అక్కడికక్కడే ఆమోదం పొందింది. మొదటి ప్రయత్నంలోనే ఆమోదం పొందిన అభిప్రాయం ఆ విభాగం చరిత్రలో అదొక్కటేనట. తరవాత పాస్కలెవా ఏదో నిబంధనల పుస్తకం తిరగేసి, ఫోటోలోని వ్యక్తి ఆ ఫోటో తీసినవాడి మీద అభిప్రాయం రాస్తే, వివాదం తేలేవరకు రెండూ కనపడకుండా పోతాయని చదివి వినిపించింది. వివాదం తేల్చే అధికారి ఎవరని అడిగాను. ఆ పదవి ఖాళీగా ఉందట. దాంతోపాటు నా జ్యేష్ఠత్వమూ పోయింది. ఆమె కుర్చీ ఎక్కి, గోడ మీది చెవిని కూడా జాగ్రత్తగా ఊడదీసి, చుట్టచుట్టి అత్తగారి చేతికిచ్చింది.

"ఇదేనా ఆ లూమెట్?" అంది, నా మెడలో ఉన్నది చూసి. "దీని మీద రెండు వేల పైచిలుకు అభిప్రాయాలు దిద్దాను. చేత్తో పట్టుకోవడం ఇదే మొదటిసారి."

అటూ ఇటూ తిప్పింది. ఎక్కడ నొక్కాలో కూడా అడగలేదు. అత్తగారు ఒళ్లోని రొట్టె పొడి దులుపుకుంటూ, "అమ్మాయ్, నీ పళ్లలో ఆకుకూర ఇరుక్కుంది" అని నవ్వింది. అప్పుడే కోడిపిల్ల అరిచింది. ఒక్కటే ఫోటో.

అందులో మా అత్తగారు ఉంది. ఇంతకన్న ఎలా చెప్పాలో నాకు తెలియదు.

తిరుగు బస్సులో ఆవిడ నిద్రపోయింది. నేను కెమెరాలో ఉన్నవన్నీ మొదటినుంచి చూశాను. గోడలు, ఇటుకలు, గడియార స్తంభం, గోడలు. మిరపకాయల రోజు కోసం వెతికాను. వెనెత నవ్వు ఎక్కడా లేదు. ఒక జాడీ గాజు మీద ఎర్రగా, వంకరగా ఏదో నీడ పడింది. పెద్దది చేసి చూశాను. అది తనే కావచ్చు. మిరపకాయ కూడా కావచ్చు. ఎంత పెద్దది చేస్తే అంత మసకబారింది. ఆ మసకకు కెమెరాను తప్పుపట్టడానికి నాకు ఈసారి నోరు రాలేదు.

ఆ తరవాత కెమెరా అత్తగారు తీసేసుకుంది. మొదట త్సోనా వచ్చింది, "నాకూ ఒకటి తియ్యి అక్కా, నీకు తీసినట్టు" అని. తరవాత మూడో అంతస్తు వాళ్లు వచ్చారు. చలికాలానికల్లా మా వంటింటి ముందు కోట్లు వేసుకుని, జుట్టు చుట్టలు పెట్టించుకుని, ముసలివాళ్లు వరసకట్టారు. అత్తగారికి నిబంధనలు లేవు. ఎదుటివాళ్లకు కాఫీ పోస్తుంది. వాళ్ల కోడళ్ల గురించి అడుగుతుంది. వాళ్లు మంచి ఊపులో ఉండగా నొక్కుతుంది. వాళ్ల వెనక పరదా పట్టుకునే పని నాకిచ్చింది. అందులో నాకు ఏ శ్రేణీ లేదు.

పోయిన శనివారం ఎవరూ రాలేదు. ఆవిడ నన్ను ఆ కుర్చీలో కూర్చోమంది.

"నాదెందుకత్తయ్యా ఇప్పుడు? నాకింకా యాభై అయిదు."

"కూర్చోవయ్యా. భవనంలో అందరివీ అయిపోయాయి."

కూర్చున్నాను. ఆవిడ నా కార్యాలయం సంగతులు అడిగింది. ఇంతవరకు ఎవరూ అడగలేదు గనక, ఏ వీధి కింద ఏ గొట్టం పోతుందో చాలాసేపు చెప్పాను. ఎప్పుడు నొక్కిందో కూడా తెలియలేదు.

వెనెత గిన్నెలు కడుగుతున్నదల్లా చేతులు తుడుచుకుని వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. ఇన్ని నెలల్లో నావైపు అంతసేపు చూడలేదు.

"బాగుందమ్మా. అట్టే పెట్టు" అంది. "అవసరమొచ్చినప్పుడు ఇంకోటి వెతుక్కోనక్కర్లేదు."